ఫ్లోరెన్స్ నుంచి వచ్చిన బ్యాగు

సూట్‌కేసు దించుదామని అలమారా మీదికి చెయ్యి పెట్టిన సుసన్నకు ముందు తగిలింది మెత్తటి కాగితం.

పాత దుప్పటి కింద, గోడ వైపుకు తోసి పెట్టిన పొట్లం అది. స్టూలు మీద నిలబడే కాగితం విప్పింది. లోపల నేరేడుపండు రంగు తోలు బ్యాగు. చేత్తో కుట్టిన కుట్లు బియ్యపు గింజలు పేర్చినట్టు ఒకే వరసలో ఉన్నాయి. మూత మీద చిన్న పువ్వు ముద్ర, దాని కింద ఫ్లోరెన్స్ పేరు. కడుపునిండా నలిపిన తెల్ల కాగితాలు కుక్కి ఉన్నాయి. ఆమె వాటిని తియ్యలేదు. వాసన మాత్రం చూసింది. ఖరీదైన వాసన.

ఆమె భర్త వెస్లీ ఇటలీ నుంచి వచ్చి మూడు వారాలు దాటింది. వచ్చిన రోజు పెట్టె తెరిచి ఆమె చేతిలో పెట్టినవి ఒక సబ్బు, ఫ్రిజ్‌కి అంటించే బొమ్మ, రైలు స్టేషన్ పక్క సంతలో కొన్న స్కార్ఫు. "అక్కడ ఏది ముట్టుకున్నా మంటే సుసీ. చూసి రావటమే తప్ప కొనేదేం లేదు," అన్నాడు.

మరి ఇదెవరికి?

అడగొచ్చు. పక్క గదిలోనే ఉన్నాడు మనిషి. అడిగితే ఏదో ఒకటి చెబుతాడు. చెబితే నమ్మాల్సి వస్తుంది. సుసన్న బ్యాగును మళ్ళీ కాగితంలో చుట్టి ఎక్కడిదక్కడ పెట్టేసి స్టూలు దిగింది. ఆ ఒక్క ప్రశ్న అప్పుడే అడిగి ఉంటే, మర్నాడు వెస్లీ ఉద్యోగం ఒక బల్ల మీదికెక్కి వేలానికి నిలబడేది కాదు.

వెస్లీ పనిచేసేది ఇంటీరియర్ పనులు చేసే కంపెనీలో. సామాన్లు కొనే విభాగం. దోహాలో రయ్యాన్ వైపు స్టేడియంలో వీఐపీలు కూర్చునే హాలు ముస్తాబు చేసే కాంట్రాక్టు వాళ్ళది. వరల్డ్ కప్ ఇంకా నెలన్నర ఉంది. దోహాలో ఏ రోడ్డు చూసినా తవ్వకం, ఏ గోడ చూసినా జెండా. ఆ హాలుకి యంత్రంతో చేసినవి పనికిరావు, ఇటలీలో చేతిపని చేసేవాళ్ళ దగ్గరే కొనాలని హాలు అప్పజెప్పినవాళ్ళు పట్టుబట్టారు. గోడకి రంగురాళ్ళు పొదిగిన పలకలు, మెనూ కార్డులకి రంగుల కాగితం, అతిథులకిచ్చే తోలు వస్తువులు. కంపెనీ ఇద్దర్ని పంపింది. ధర చూడటానికి వెస్లీ. అందం చూడటానికి జాయ్స్.

ఆ జాయ్స్ దగ్గరే వచ్చింది ఇబ్బందంతా.

బందరు పిల్ల. కంపెనీలో డిజైనర్. ముప్ఫై రెండేళ్ళొచ్చినా పెళ్ళి మాటెత్తదు. చర్చిలో పాటలు పాడే క్వాయర్ నడిపేది ఆమే. చర్చిలో వెస్లీని "అన్నయ్యా" అంటుంది. ఆఫీసులో మాత్రం "వెస్లీ" అంటుందని సుసన్నకు తెలుసు. ఒకసారి ఫోన్ స్పీకర్లో ఉండగా చెవిన పడింది. అన్నయ్య చర్చి తలుపు దాటితే పేరెందుకయ్యాడో ఆమెకు ఇప్పటికీ అర్థం కాదు.

వెస్లీ స్నానానికి వెళ్ళగానే సుసన్న తమ పాప ట్యాబ్ తీసింది. వెస్లీ ఫోన్‌లో తీసిన ఫోటోలన్నీ వాటంతటవే అందులోకి వచ్చి చేరతాయి. ఆ సంగతి అతనికి గుర్తుండదు. ఫ్లోరెన్స్ ఫోటోలు ఆమె ఇంతకుముందూ చూసింది కానీ భార్యలా చూసింది. ఇప్పుడు పోలీసులా చూసింది.

ముందు కాగితాల దుకాణం. ఒకాయన తొట్టిలో నీళ్ళ మీద రంగులు చిలకరించి, దువ్వెన లాంటి దానితో ఇటూ అటూ గీసి, తెల్ల కాగితం పరిచి నెమ్మదిగా లేపాడు. కాగితం నిండా నెమలి పింఛాలు. "అమ్మో! చూశావా, చూశావా!" అని జాయ్స్ గొంతు. వెనక వెస్లీ నవ్వు.

తర్వాత రాళ్ళ పనివాడి కొట్టు. రంపంతో రాయిని రేకుల్లా కోసి, ఆ రేకుల్ని అతికి, నల్లరాతి పలక మీద దానిమ్మపండు తయారుచేస్తున్నాడు ముసలాయన. ఆయన పక్కన కళ్ళు పెద్దవి చేసి జాయ్స్. ఆ తర్వాత గడ్డి టోపీలు. జాయ్స్ ఒకటి పెట్టుకుంది, ఇంకొకటి పెట్టుకుంది, మరొకటి పెట్టుకుంది. టోపీ మారిన ప్రతిసారీ వెస్లీ ఫోటో తీశాడు.

తర్వాత వీడియో. నదీ వంతెన దాటాక సన్నటి సందు, రెండు వైపులా తోలు కొట్లు. వెస్లీ ఒక బెల్టు ధర అడిగాడు. సగానికిమ్మన్నాడు. దుకాణదారు తల అడ్డంగా ఊపాడు. వెస్లీ మన సంతల్లో చేసినట్టే బెల్టు అక్కడ పడేసి, మొహం మాడ్చుకుని, వెనక్కి పిలుస్తాడని నాలుగడుగులు నడిచాడు. ఎవరూ పిలవలేదు. ఫోన్ పట్టుకున్న జాయ్స్ పడీపడీ నవ్వింది. "వెస్లీ, ఇది పాలకొల్లు సంత కాదు! సాయంత్రం దాకా నడిచినా పిలవరు!"

వెస్లీ కూడా నవ్వుతున్నాడు. కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు.

సుసన్న వీడియో ఆపింది. పన్నెండేళ్ళ కాపురంలో ఈ మనిషి ఆమెతో ఒక్కసారైనా ఇలా బజారు తిరిగాడా? ఇక్కడి సూక్ బజారుకి తీసుకెళ్తే షాపు బయట గట్టు మీద కూర్చుని ఫోన్ చూసుకుంటాడు. ఈ చీరా, ఆ చీరా అని అడిగితే "నీకేది నచ్చితే అది" అంటాడు, తల కూడా ఎత్తకుండా. క్లినిక్‌లో నర్సు డ్యూటీ చేసి అలిసిపోయిన కాళ్ళతో ఆమె ఒక్కతే కొంటుంది, ఒక్కతే మోస్తుంది.

చివరి ఫోటో దగ్గర వేలు ఆగిపోయింది.

తోలు కొట్టులో నిలువుటద్దం. అద్దం ముందు జాయ్స్ పక్కకి తిరిగి నిలబడింది. భుజాన నేరేడుపండు రంగు బ్యాగు. అదే పువ్వు ముద్ర. ఆమె వెనక ఫోన్ ఎత్తి పట్టుకుని ఫోటో తీస్తున్న వెస్లీ కూడా అద్దంలో పడ్డాడు. అతని మొహం మీద చిన్న నవ్వు. బాగుంది అని చెప్పే నవ్వు.

స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు ఆగింది. సుసన్న ట్యాబ్ మూసింది.

మర్నాడు శుక్రవారం. చర్చిలో కోత పండుగ.

పాలకొల్లులో కోత పండుగంటే వరి కంకులు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. దోహాలో పొలమెక్కడిది? బాల్కనీ కుండీలో పెంచిన కరివేపాకు మొక్క, ఆవకాయ జాడీ, సున్నుండలు, పసిపిల్లల ఊలు టోపీలు తెస్తారు. ఎవరేం తెచ్చారో పైకి చెప్పరు. గుడ్డ పరిచిన బల్ల మీద పెట్టి వెళ్ళిపోవటమే. ఆరాధనయ్యాక అన్నీ వేలం వేస్తారు. బల్ల మీద పెట్టింది ఇక దేవుడిది. పెట్టినవాళ్ళే మళ్ళీ కావాలన్నా పాడుకుని కొనుక్కోవాల్సిందే. కొనుక్కున్నవాళ్ళు వద్దనుకుంటే డబ్బు కట్టి వస్తువును తిరిగి బల్ల మీదే పెట్టెయ్యొచ్చు. కిందటేడు ఒక గుమ్మడికాయ అలా చేతులు మారీ మారీ చివరికి బిర్యానీ పక్కన దప్పళమైంది.

సుసన్న సున్నుండలు చేసింది. డబ్బాలో సర్దింది. ఆ డబ్బా పక్కన నేరేడుపండు రంగు బ్యాగును తెల్ల తువ్వాల్లో చుట్టి పెట్టుకుంది.

ఆమె ఉద్దేశం దానం కాదు. ఉచ్చు. అంతమంది ఎదుట ఆ బ్యాగు పైకి లేచినప్పుడు జాయ్స్ మొహం చూడాలి. నిజం దొరికేది అక్కడే.

వంట మగవాళ్ళ వంతు కాబట్టి వెస్లీ తెల్లారకముందే పాపను తీసుకుని వెళ్ళిపోయాడు. సుసన్నను తీసుకెళ్ళటానికి ఘర్రాఫాలోని వాళ్ళ విల్లా ముందుకు కంపెనీ డ్రైవర్ నగేష్ వ్యాన్ తెచ్చాడు. జగిత్యాల పిల్లాడు. వాగుడుకాయ.

"ఏందక్కా, గింత పెద్ద మూట? వంటలు జేస్కొని పోతున్నవా?"

"దేవుడికిచ్చేది నగేష్. నువ్వు రోడ్డు చూడు."

"రోడ్డు ఏడుందక్కా సూడనీకి? నిన్న ఉండె, ఇయాల మాయమైంది. ఏ కప్పో ఏమో, మాకైతే సుట్టు తిరిగి తిరిగి పానం పోతుంది. మీరు దిగినంక మేమంత ఏషియన్ టౌన్ల సిన్మాకు పోతం."

సుసన్న ఊరుకుందామనుకుంది. నోరు ఊరుకోలేదు. "ఇటలీ నుంచి వచ్చిన రోజు మా వాళ్ళని ఎయిర్‌పోర్టు నుంచి తెచ్చింది నువ్వేనా?"

"నేనే. సారు, జాయ్స్ మేడం తొవ్వ పొంట ఒక్కటే ముచ్చట, ఒక్కటే నవ్వుడు. సారు గట్ల నవ్వుతడని నాకు గప్పుడే తెల్సింది. ఆఫీసుల అయితే మొఖం గంటు పెట్టుకొనుంటడు గద."

"ఇంట్లో కూడా," అంది సుసన్న.

నగేష్‌కి అది తమాషాగా తోచి హారన్ కొట్టుకుంటూ నవ్వాడు. సుసన్న మూట మీద వేళ్ళు బిగించింది.

చర్చీలన్నీ ఒకే ప్రహరీలో ఉండే చోట గేటు దగ్గర మూటను తనిఖీ మిషన్‌లోంచి పంపి, హాల్లోకి వెళ్ళి, ఎవరూ గమనించకుండా తువ్వాలు విప్పి బ్యాగును ఆవకాయ జాడీల వెనక పెట్టింది. తలమీద కొంగు సర్దుకుని రెండో వరసలో కూర్చుంది. అక్కడినుంచి క్వాయర్ బాగా కనబడుతుంది.

వేలం పాడించే సెక్రటరీ గారు మంచి హుషారు మనిషి. కరివేపాకు మొక్క పోయింది, సున్నుండలు పోయాయి, ఆవకాయ జాడీ దగ్గర ఇద్దరు గుంటూరు వాళ్ళు కొట్టుకున్నంత పని చేశారు. ఆ తర్వాత ఆయన చెయ్యి జాడీల వెనక్కి వెళ్ళింది.

"ఇదిగో! ఇదేంటండీ బాబూ, ఏ పొలంలో పండిందిది?" అంటూ బ్యాగును పైకెత్తాడు.

హాలంతా "ఓ" అంది. సుసన్న బ్యాగు వైపు చూడలేదు.

జాయ్స్ మొహంలో రక్తం లేదు. నోరు కొంచెం తెరుచుకుంది. చేతిలో పాటల కాగితాలు జారి కిందపడ్డాయి. తీసుకోవాలని కూడా తెలియలేదు ఆమెకి. గబగబా ఫోన్ తీసి ఎవరికో చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. సుసన్నకు తెలుసు ఎవరికో. వెస్లీ బిర్యానీ డేగిసా దగ్గర ఉన్నాడు. ఫోన్ మేకుకి తగిలించిన చొక్కా జేబులో ఉంటుంది.

దొరికిపోయింది, అనుకుంది సుసన్న. అనుకున్నది నిజమైతే కలగాల్సిన తృప్తి కలగలేదు.

"యాభై రియాళ్ళతో మొదలుపెడదాం," అన్నాడు సెక్రటరీ గారు.

"రెండొందలు!" జాయ్స్ గొంతు చీరుకుపోయింది.

"మూడొందలు," అంది సుసన్న.

జాయ్స్ తెల్లబోయి ఆమె వైపు చూసింది. నాలుగొందలంది. సుసన్న అయిదంది. తను పెట్టిన వస్తువును తనే పాడుతున్నానన్న ఇంగితం ఆమెకు లేదు. ఆ బ్యాగు ఇంకోసారి ఆ భుజానికి ఎక్కకూడదు. అదొక్కటే తెలుసు.

అప్పుడు ముందు వరసలో కుర్చీ కిర్రుమంది. సాలమన్ గారు వెనక్కి వాలి, కాలు మీద కాలు వేసుకుని, "వెయ్యి," అన్నారు.

భీమవరం సాలమన్ గారికి ఏసీ గొట్టాల కాంట్రాక్టు ఉంది. వరల్డ్ కప్ పుణ్యమా అని కలిసొచ్చింది. ఏ వేలంలోనైనా చివరి మాట ఆయనదే కావాలి. వస్తువుతో పనిలేదు. కిందటేడు గుమ్మడికాయను మొదట పాడుకున్నదీ ఆయనే.

జాయ్స్ వరసలు దాటుకుంటూ వచ్చి సుసన్న పక్కన కూలబడింది. "అక్కా, మీరు పాడకండి. ప్లీజ్. నేను తీసుకుంటాను. తర్వాత చెప్తాను మీకు."

తర్వాత చెప్తుందట!

"నా మొగుడు కొన్న సొత్తు మీద నీకేంటమ్మా అంత ఆరాటం?" సుసన్న పెదాలు కదలకుండా అంది. "అద్దం ముందు తగిలించుకుని చూసుకున్నావుగా. చాల్లేదా?"

"ఇది వెస్లీ తెచ్చిందని మీకు తెలుసా?" జాయ్స్ కళ్ళు పెద్దవయ్యాయి. "తెలిసే బల్ల మీద పెట్టారా? మీరేనా పెట్టింది? అయ్యో అక్కా..."

"ఒకటోసారి!" అన్నాడు సెక్రటరీ గారు.

"వెస్లీ అట. బయటికొచ్చిందిగా అసలు పిలుపు. చర్చి గడప దాటితే అన్నయ్య పోతాడు కదూ?"

"రెండోసారి!"

"అక్కా, వినండి..."

"ఏం వినమంటావ్? టోపీల గురించా?"

"మూడోసారి! సాలమన్ గారు!"

చప్పట్లు మోగాయి. సాలమన్ గారు లేచి బ్యాగు అందుకుని పక్కనున్న భార్య శకుంతలమ్మ భుజానికి తగిలించారు. శకుంతలమ్మ మెడలో గొలుసులు సర్దుకుని అందరికీ కనబడేలా కొంచెం పక్కకి తిరిగింది.

జాయ్స్ రెండు చేతులతో తల పట్టుకుంది. అప్పుడు చెప్పింది. గుసగుసగా, ఒక్క గుక్కలో.

"అది ఎవరికీ కొన్న బ్యాగు కాదక్కా. శాంపిల్. స్టేడియం హాల్లో అతిథులకి ఇచ్చే బ్యాగులన్నీ అచ్చం ఇలాగే కుట్టించినవి. లోపల కాగితాల కింద తోలు బిళ్ళ ఉంటుంది. దాని మీద క్లయింట్ సంతకం. కార్గో వచ్చేసింది. ఎల్లుండి ఆదివారం పొద్దున క్లయింట్ వచ్చి ఈ శాంపిల్ పక్కన పెట్టి ఒక్కో బ్యాగూ చూసుకుంటాడు. ఇది లేకపోతే మొత్తం సరుకు వెనక్కి. ఆఫీసులో పెడితే పోయినసారి శాంపిల్ ఎవరో ఎత్తుకుపోయారని వెస్లీ ఇంటికి తెచ్చుకున్నాడు. ఎవరికీ చెప్పకుండా. కంపెనీ సొత్తు. తెలిస్తే ఉద్యోగం తీసేసి టికెట్ చేతిలో పెడతారు. మన హాల్లోనే మా కంపెనీ వాళ్ళున్నారు. అందుకే నోరు తెరిచి చెప్పలేక పాడి కొందామని చూశాను. మీరు పడనివ్వలేదు."

సుసన్న శకుంతలమ్మ వైపు చూసింది. ఉద్యోగం. పాప స్కూలు. ఘర్రాఫాలో ఇల్లు. అన్నీ శకుంతలమ్మ భుజాన వేలాడుతున్నాయి.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చూస్తే మీరు కావాలంటారని భయపడ్డాడు. 'నాకు సబ్బు, కంపెనీకి బ్యాగా' అని గొడవైపోతుందన్నాడు."

జాయ్స్‌తో చెప్పుకున్నాడు! భార్య ఏమంటుందో అన్న భయాన్ని కూడా తీసుకెళ్ళి ఈవిడ దగ్గర పెట్టాడు! ఉద్యోగం పోతుందన్న గుబులు కన్నా అది ముందు గుచ్చుకుంది సుసన్నకు.

అప్పుడే పక్క తలుపులోంచి వెస్లీ వచ్చాడు. చెమటలు కారుతూ, చేతిలో గరిటెతో. భోజనాలు సిద్ధమని చెప్పటానికి నోరు తెరిచి, శకుంతలమ్మ భుజాన్ని చూసి, అలాగే ఉండిపోయాడు. మరుక్షణం అతని చూపు హాలంతా వెతికి ఆగింది. సుసన్న దగ్గర కాదు. జాయ్స్ దగ్గర. ఏమైంది అని ఒక్క చూపులో అడిగాడు. నేను చూసుకుంటాను, నువ్వు కంగారుపడకు అని జాయ్స్ చేత్తో సైగ చేసింది. వెస్లీ తలూపి, గోడనానుకుని నిలబడ్డాడు.

పన్నెండేళ్ళలో అలాంటి చూపు తమ మధ్య ఒకటుందా అని సుసన్న వెతుక్కుంది.

"నేను సాలమన్ గారితో మాట్లాడతాను," అంది జాయ్స్ లేస్తూ. "పక్కకి పిలిచి ఉన్నది చెప్తాను. క్వాయర్‌కి మైకులు కొనిచ్చింది ఆయనే. నా మాట కాదనరు."

"కూర్చో," అంది సుసన్న.

వెస్లీ ఉద్యోగాన్ని కాపాడేది జాయ్స్ అయితే, ఇక బతికినన్నాళ్ళూ ఆ ఇంట్లో జాయ్స్ పేరు దీపంలా వెలుగుతూనే ఉంటుంది. అంతకంటే ఫ్లయిటెక్కి పాలకొల్లు వెళ్ళటం నయం. కాదు, అదీ వద్దు. బ్యాగు రావాలి. తన చేత్తోనే రావాలి.

సుసన్న లేచి కొంగు సర్దుకుంది. సాలమన్ గారి దగ్గరికి వెళ్ళలేదు. ఆయన అవతల ఎవరితోనో మాట్లాడుతుండగా నీళ్ళ గ్లాసు పట్టుకుని శకుంతలమ్మ పక్కకి చేరింది.

"బాగా నప్పిందండీ మీకు."

"మరే! ఆయన ఇన్నాళ్ళకి నాకంటూ ఒకటి పాడారు," అంది శకుంతలమ్మ పొంగిపోతూ. "ఎంత మెత్తగా ఉందో చూడు."

"చూశానండీ. జాయ్స్ భుజాన చూశాను. ఇటలీలో దిగిన ఫోటో."

శకుంతలమ్మ వేళ్ళు తోలు మీద ఆగాయి. "జాయ్స్ భుజానా?"

"ఆవిడ మనసుపడిన బ్యాగండీ అది. అందుకే కదా అంత పట్టుదలగా పాడింది. ఆవిడ పాడటం చూసే సాలమన్ గారు..." సుసన్న నాలుక కరుచుకున్నట్టు ఆగింది. "పోనీండి. ఏదో నోరు జారాను."

"ఆగమ్మాయ్. ఏమంటున్నావ్ నువ్వు?"

"నేనేం అనట్లేదండీ. మైకులు కూడా అడగ్గానే కొనిచ్చారట కదా, పాపం మంచి మనిషి. ఆవిడుండేది మీ ఎదురు బిల్డింగే కదండీ?"

ఇంకొక్క ముక్క అక్కర్లేకపోయింది. ఆ విద్య సుసన్నకు ఎవరూ నేర్పలేదు. రాత్రంతా తనను ఏది కాల్చిందో అదే తీసి పక్కావిడ చేతిలో పెట్టింది, అంతే. అదెంత తొందరగా అంటుకుంటుందో ఆమెకన్నా తెలిసినవాళ్ళు ఆ హాల్లో లేరు.

శకుంతలమ్మ మొహం గట్టిపడింది. భర్త వైపు చూసింది. సరిగ్గా అప్పుడే సాలమన్ గారు, పాపం, జాయ్స్ ఎందుకంత దిగులుగా ఉందోనని అటే చూస్తున్నారు. శకుంతలమ్మ లేచి, బ్యాగును పాములా వేళ్ళ చివర పట్టుకుని నడిచి వెళ్ళి బల్ల మీద ధబ్బున పెట్టింది.

"మాకొద్దు సెక్రటరీ గారూ. మళ్ళీ దేవుడికే ఇస్తున్నాం. డబ్బు ఆయన కడతారు."

"ఎందుకే?" అన్నారు సాలమన్ గారు అయోమయంగా.

"ఇంటికి పదండి, చెప్తాను."

హాలు మళ్ళీ చప్పట్లు కొట్టింది. అంత భక్తి ఎవరూ చూడలేదు మరి. సెక్రటరీ గారు పాట మళ్ళీ మొదలుపెట్టారు. సుసన్న పాడింది. జాయ్స్ నోరు మూసుకుంది. సాలమన్ గారు అలవాటుగా చెయ్యెత్తబోయి భార్య కళ్ళు చూసి దించేశారు. మూడోసారి అయ్యాక సుసన్న బ్యాగు తెచ్చి గోడ పక్కనున్న వెస్లీ చేతిలో పెట్టింది.

"తీసుకోండి మీ శాంపిల్. ఇంకోసారి దాచుకునేటప్పుడు అలమారా మీద దాచకండి."

వెస్లీ కాగితాల కింద చెయ్యి పెట్టి తోలు బిళ్ళ తడిమి చూసుకున్నాడు. కళ్ళు మూసుకుని ఊపిరి వదిలాడు. "నువ్వా సుసీ పెట్టింది?" అన్నాడు.

ఆదివారం సరుకు చూశారు. శాంపిల్ పక్కన ఒక్కో బ్యాగూ పెట్టారు. అన్నీ పాసయ్యాయి. మేనేజర్ అందరి ముందూ వెస్లీ చెయ్యి పట్టుకుని ఊపాడట. ఆ మాట వెస్లీ ఫోన్ చేసి చెబితే సుసన్న క్లినిక్‌లో ఇంజెక్షన్ ట్రే పట్టుకుని నిలబడే ఏడ్చింది. కష్టం గట్టెక్కింది. మొగుడు తన చేతిమీదుగా గట్టెక్కాడు. ఆ రెండో మాట ఇంకా తియ్యగా ఉంది.

తీపి బుధవారం దాకా నిలిచింది.

ఆ సాయంత్రం వెస్లీ డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పకుండానే సోఫాలో కూర్చున్నాడు.

"శకుంతలమ్మ గారితో ఏం చెప్పావ్?"

"ఏం చెప్పానూ? బ్యాగు బాగుందన్నాను."

"జాయ్స్‌ని క్వాయర్ నుంచి తప్పించారు. కొన్నాళ్ళు పక్కన కూర్చోమన్నారట. పెద్దలు ఇంటికెళ్ళి మరీ చెప్పొచ్చారు. సాలమన్ గారితో ఏదో ఉందని చర్చంతా అనుకుంటోంది. ఆయన ఆ పిల్లతో మైకుల విషయం తప్ప పది మాటలు మాట్లాడి ఉండడు." గొంతు తగ్గించాడు. "ఆఫీసులో ఇవాళ వాష్‌రూంలోంచి బయటికి రాలేదు తను. నా ఉద్యోగం నిలబెట్టాలని జేబులో డబ్బు పెట్టి పాడటానికి సిద్ధపడిన మనిషి."

"నిలబెట్టింది నేను," అంది సుసన్న.

వెస్లీ ఆమె వైపు చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. వైద్యం తెలియని రోగాన్ని చూసినట్టు చూశాడు. లేచి కారు తాళాలు తీసుకున్నాడు.

"ఎక్కడికి?"

"జాయ్స్ ఇంటికి. క్షమించమని అడగాలి. నీ తరఫున, నా తరఫున."

"ఫోన్‌లో చెప్పొచ్చుగా?"

"ఇలాంటివి ఫోన్‌లో చెబుతారా?"

"అయితే నేనూ వస్తాను. ఉండండి, చీర మార్చుకుని..."

"వద్దు సుసీ. నిన్ను చూస్తే తలుపు తియ్యదు."

నన్ను చూస్తే తియ్యదు. మరి మిమ్మల్ని చూస్తే తీస్తుందా? తలుపు పడింది. కింద కారు కదిలిన చప్పుడు వినబడింది.

సుసన్న పాపకు అన్నం పెట్టింది. తను తినలేదు. గిన్నెలు తోమింది. తోమినవే మళ్ళీ తోమింది. ఇప్పుడు మెట్లెక్కుతూ ఉంటాడు. ఇప్పుడు బెల్ కొట్టి ఉంటాడు. ఆవిడ ఏడుస్తూ ఉంటుంది. ఏడిస్తే ఈయన ఏం చేస్తాడు? నిలబడి చూస్తాడా? కూర్చోమంటే కూర్చుంటాడా? మూడు వారాలుగా లేని సాకును ఇద్దరి మధ్య తనే కుట్టి, చేతికిచ్చి పంపింది. ఇక వాళ్ళు తన గురించే మాట్లాడుకుంటారు. నెమ్మదిగా. జాలిగా.

ఫోన్ మోగింది. శకుంతలమ్మ.

"ఏమ్మా సుసన్నా, తిన్నావా? చెప్పాలా వద్దా అని ఇందాకట్నుంచీ తెగ ఆలోచిస్తున్నానమ్మా. ఆరోజు నువ్వు నా కళ్ళు తెరిపించావు కదా, నీ విషయంలో నేను ఊరుకుంటే పాపం." ఆవిడ గొంతు తగ్గించింది. ఆ గొంతులో జాలి ఉంది, జాలి కింద ఇంకేదో కూడా ఉంది. "బట్టలు తియ్యటానికి బాల్కనీలోకి వచ్చాను. మీ ఆయన కారు ఎదురు బిల్డింగ్ కింద ఆగి ఉంది. ఆ పిల్ల ఉండే బిల్డింగ్. పైన లైటు వెలుగుతోంది."

తెలుసండీ, నాతో చెప్పే వెళ్ళారు, క్షమాపణ అడగటానికి వెళ్ళారు. ఇంత మాటంటే చాలు. అక్కడితో అయిపోతుంది. జాయ్స్ మీద పడింది కూడా సగం తుడిచిపెట్టుకుపోతుంది. మాట గొంతులో సిద్ధంగానే ఉంది.

సుసన్న వంటింటి తలుపు దగ్గరికి వేసి, ఫోన్ చెవికి గట్టిగా నొక్కుకుంది.

"కర్టెన్ వేసుందా, తీసుందా అండీ?" అంది.